శమామా పరిమళము

వేసవికి వట్టివేరు, చలికాలమునకు శమామా. అత్తరు ధరించుటలోను ఋతుధర్మము కలదు. వాసనను ప్రసారము చేయు యంత్రము మా కేంద్రమున లేదు గనుక మాటలతోనే సరిపుచ్చెదము.

దీని పుట్టినిల్లు ఉత్తరప్రదేశములోని కనౌజు. లవంగము, ఏలకులు, జాజికాయ, జాపత్రి, జటామాంసి, రాతిపువ్వు మున్నగువానిని రాగి డేగిసాలో నీటితో మరిగించి, ఆ ఆవిరిని వెదురుగొట్టము గుండ శ్రీగంధపునూనె గల పాత్రలోనికి దింపుదురు. ఆ నూనెయే వాసనను పట్టి నిలుపును. చందనము ప్రియమైన పిదప ద్రవ పారఫిన్‌తో సరిపెట్టువారును బయలుదేరిరి. దానిని శమామా యనుటకు మాకు నోరు రాదు.

ముంజేత ఒక్క బొట్టు అద్దినచో మొదట ఏలకుల చురుకు. అది త్వరగా ఎగిరిపోవును. పిమ్మట లవంగపు వెచ్చదనము. ఒడలు నిజముగా వేడెక్కదు; లవంగములోని యూజినాల్ వేడిని తెలుపు నాడులను కదలించుటచే అట్లు తోచును. సాయంకాలమునకు చందనము మిగులును.

చిక్కు ఇక్కడనే యున్నది. కొంతసేపటికి ధరించినవాని ముక్కు ఆ వాసనకు అలవడి దానిని గుర్తింపదు. పరిమళము పోయినదని మరల పూసికొనును. అది పోలేదు, ప్రక్క కుర్చీలోని పెద్దమనిషి అప్పటికే కిటికీ తెరచుచున్నాడు! అందుచే మేము దూదిపింజను చెవిమడతలో నుంచుకొందుము. ఇంటివారి నడిగిన పిమ్మట గాని రెండవ బొట్టు ముట్టము.