పేరు లేని పేపరు

 

ఈ స్నాతకోత్సవంలో ఇందాక నన్ను పరిచయం చేస్తూ నా పేపర్లెన్నో, వాటికి వచ్చిన సైటేషన్లెన్నో, నా హెచ్-ఇండెక్స్ ఎంతో చదివారు. ముందు వరుసలో ఒక తాతగారు గట్టిగా చప్పట్లు కొట్టారు. తాతగారూ, హెచ్-ఇండెక్స్ 20 అంటే, ఇతరులు కనీసం ఇరవైసార్లు ప్రస్తావించిన పేపర్లు ఆ మనిషికి ఇరవై ఉన్నాయని అర్థం. హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో కట్టిన లెక్క ఇది. ఉద్యోగాలకీ గ్రాంట్లకీ ఇప్పుడు చాలాచోట్ల ముందుగా అడిగేది దీన్నే. క్యాన్సర్ పరిశోధకులకూ మినహాయింపు లేదు.

ఈ కొలబద్ద మన భీమవరం మనిషిని ఎలా కొలుస్తుందో చూద్దాం. 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఒక పేపరు ప్రచురించారు. భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి అది. పరీక్షనాళికలో నీలం ఎంత చిక్కబడితే భాస్వరం అంత ఎక్కువ. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లలో చాలామంది ఆ నీలం చూసే ఉంటారు. దాని ఆసరాతోనే వాళ్లిద్దరూ కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత ఏటీపీని పట్టుకున్నారు. ఆ పద్ధతిలో భాస్వరం కొలిచినవారు ఆ పేపరును పేర్కొంటూ వచ్చారు, అందుకే దాని సైటేషన్లు వేలల్లో ఉన్నాయి. కొలబద్దకు బాగా కనిపించే సుబ్బారావు ఈయనే. ఆ పేపరు మాత్రం క్యాన్సర్ గురించి కాదు.

క్యాన్సర్ కథ తర్వాతది. హార్వర్డ్‌లో శాశ్వతమైన కొలువు దొరకక ఆయన 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌కి, లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆ పేపర్లలో ఆయన పేరు పొడవాటి వరుసలో ఎక్కడో మధ్యన ఉంటుంది.

అదే కాలంలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ఇంకా జోరందుకున్నట్టు అనిపించింది. అక్కడితో ఆ ప్రయత్నం మూలపడాల్సింది. ఫార్బర్ మాత్రం తిరగేసి ఆలోచించారు: ఫోలిక్ ఆమ్లం జబ్బును పెంచేదైతే, దానికి అడ్డుపడేది ఇస్తే? ఆ అడ్డుపడే అణువులు సుబ్బారావు బృందం దగ్గరి నుంచే వచ్చాయి. చూడ్డానికి ఫోలిక్ ఆమ్లంలాగే ఉండి, కణంలో దాని పని సాగనివ్వక, డీఎన్‌ఏ తయారీని ఆపేస్తాయవి. గబగబా విభజన చెందే కణాలు ముందుగా దెబ్బతింటాయి. వాటిలో ఒకటి అమైనోప్టెరిన్. దాన్ని తయారు చేసిన రసాయనశాస్త్రవేత్తల్లో డోరిస్ సీగర్ ఒకరు.

1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితం వచ్చింది. 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగైంది. ఆ మెరుగు నిలిచేది కాదని దాచకుండా శీర్షికలోనే చెప్పారు. ఇవాళ్టి పత్రికా ప్రకటనలు చూస్తుంటే నాకు ఆ నిజాయితీయే ముందు గుర్తొస్తుంది. రచయితలు ఐదుగురు. సుబ్బారావు పేరు లేదు, సీగర్ పేరు లేదు. ఇందులో కుట్రలు వెతక్కండి. వైద్యం చేసినవాళ్లు వైద్యం గురించి రాశారు, అణువు కట్టినవాళ్లు అణువు గురించి వేరే జర్నల్లో రాశారు. అప్పటి పద్ధతి అదే. కాకపోతే సైటేషన్లు లెక్కపెట్టే యంత్రం వైద్యం పేపరుకు వచ్చినవాటిని అణువు కట్టినవాళ్ల ఖాతాలో వేయదు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్లకు, సుబ్బారావు గారు కన్నుమూశారు.

అమైనోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌తో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ 1956లో కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను లొంగదీశారు. ఇవాళ లుకేమియా పిల్లలకూ, రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న పెద్దలకూ వారానికోసారి అదే మాత్ర. చీటీ మీద ఆ పేరు రాసే డాక్టరు కింద ఫుట్‌నోట్ పెట్టరు.

నేను లెక్కలు మానేయమనడం లేదు. నా ఉద్యోగమూ వాటితోనే వచ్చింది. కానీ పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపు ఎంపిక సంఘాల్లో కూర్చుంటారు. దరఖాస్తు చేతికి రాగానే చివరి పేజీలోని సంఖ్యలకు పోకుండా, అభ్యర్థి పేపరు ఒక్కటైనా పూర్తిగా చదవండి. ఆ అభ్యర్థి రూపొందించిన పద్ధతినో, పదార్థాన్నో వేరే ల్యాబ్ వాళ్లెవరైనా పట్టుకెళ్లి వాడుకుంటున్నారా అని అడగండి. ఎంపికలో దానికీ మార్కులు వేయండి.

ఇక మీ థీసిస్‌లోంచి పేపరు రాసేటప్పుడు, రోజూ కణాలు పెంచిపెట్టిన టెక్నీషియన్ పేరు రచయితల్లో వేయాలా, కృతజ్ఞతల్లో వేయాలా అన్న ప్రశ్న వస్తుంది. డ్రాఫ్ట్ మొదలు పెట్టకముందే మీ గైడ్‌తో తేల్చుకోండి. జర్నల్ ఒప్పుకున్నాక ఆ మాట ఎత్తడం ఎంత కష్టమో ఈ వేదిక మీదున్న ఆచార్యులందరికీ తెలుసు.