పాత డీజిలు కారు – కనబడని చిల్లు



నేడు నేను ప్రసంగింప బూనిన విషయము మిక్కిలి చిన్నది. పాత డీజిలు కారులో ఇంధన మెక్కడ కారుచున్నదో కనుగొని బాగుచేయు విధమును గూర్చి చెప్పెదను. ఇది మెకానిక్కు పని గదా, మాకేల యని తమరు తలంపవచ్చును. ఈ చిన్న విషయమును ఉపేక్షించి, వ్యాధిగ్రస్తుడైన నా తండ్రిని నడిరేయి నడిదారిలో నిలిపితిని. అందుచేత చెప్పుచున్నాను.

మాది గోదావరిఖని. నా తండ్రి సింగరేణి గనులలో సర్దారుగా పనిచేసెను. కార్మికులు పని మొదలిడక పూర్వమే గని పైకప్పును కఱ్ఱతో తట్టి, ఆ శబ్దమును బట్టి అది గట్టిగా నున్నదో, బోలుగా నున్నదో తెలిసికొనుట ఆయన విధులలో నొకటి. “కంటికి కనబడు పగులుకంటె కనబడని బోలుతనమే ముప్పు, బిడ్డా” యని పలుమాఱు చెప్పెడివాడు. ఆ మాట వింటినిగాని, దాని లోతు గ్రహింపనైతిని.

మా యింట డీజిలు అంబాసిడరు కారొకటి యుండెను. 2011 చలికాలమున అది ఉదయ వేళల మొరాయింప సాగెను. ఎంతసేపు త్రిప్పినను అంటుకొనదు. అంటుకొన్నను రెండు నిమిషములలో ఆగిపోవును. ఒకసారి వేడెక్కిన పిమ్మట సాయంకాలము వరకు చక్కగా నడచును. క్రింది నేలను చూచితిని. ఒక్క చుక్కయు లేదు. కావున డీజిలు కారుట లేదని నిశ్చయించి, దోషము బ్యాటరీదని క్రొత్త బ్యాటరీ కొంటిని.

ఒకనాటి రాత్రి తండ్రికి ఆయాసము హెచ్చెను. కరీంనగరమునకు బయలుదేరితిమి. పెద్దపల్లి దాటిన కొంత దూరమునకు బండి ఆగిపోయెను. దాదాపు గంటసేపు నేను చేయని యత్నము లేదు. తుదకు బొగ్గు లారీ నడుపు డ్రైవరొకడు దయతలచి దిగివచ్చెను. ఫిల్టరుమీది చిన్న మరను వదులుచేసి, ఫీడు పంపు మీటను చేతితో ఆడించెను. డీజిలు రాలేదు, చిలికిన మజ్జిగవలె నురుగు వచ్చెను. “అన్నా, ఇది నూనె కారు రోగము కాదు, గాలి పీల్చు రోగము” అని, ట్యాంకునుండి వచ్చు రబ్బరు గొట్టమును తడిమి, కొసయందు పగులు చూపెను. ఆ కొసను కత్తితో కోసి, గొట్టమును మరల ఎక్కించి క్లిప్పు బిగించెను. నురుగు పోయి స్వచ్ఛమైన డీజిలు వచ్చువఱకు మీట నాడించి, మరను బిగించెను. బండి కదలెను. నా తండ్రి ఆ గండము గడచి బ్రదికెను. ఆసుపత్రిలో ఆయన నన్నడిగిన దొక్కటే: “కప్పు తట్టి చూడలేదా, బిడ్డా?”

ఇక విషయమునకు వత్తును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఈ యంత్రమును నడిపి చూపెను. తొలుత దీనిని బొగ్గు పొడితోనే నడుపవచ్చునని ఆయన తలపోసెననుట మన బొగ్గుగనుల ప్రాంతమువారు తెలిసికొనదగిన విశేషము. దీనిలో ఇంధనము నడచు దారి మూడు భాగములు.

మొదటిది ట్యాంకునుండి ఫీడు పంపు వఱకు. ఇచ్చట పంపు డీజిలును పీల్చును. కావున చిల్లు పడినచో ఇంజను నడచునపుడు డీజిలు బయటికి రాదు, గాలి లోనికి పోవును. రాత్రియందు గాలి చొరగా, గొట్టములోని డీజిలు ట్యాంకులోనికి జాఱిపోవును. ఉదయమున బండి మొరాయించుటకు ఇదియే హేతువు. ఆ గొట్టమునకు బదులు డీజిలునకు ఓర్చు పారదర్శకమైన గొట్టమును కొద్దిసేపు అమర్చి చూచినచో బుడగలు కనబడును.

రెండవది ఇంజెక్షను పంపునుండి ఇంజెక్టర్ల వఱకు. ఇచ్చట ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి నూఱు రెట్లకు మించును. ఇచ్చటి కారుడును వ్రేలితో తడిమి చూడరాదు. సూదివంటి ధార చర్మమును దూఱి లోనికి పోవును. గాయము చిన్నదిగా కనబడినను తక్షణమే శస్త్రవైద్యునివద్దకు పోవలెను. అట్టముక్క నడ్డుపెట్టి దూరమునుండి చూడుడు. ఈ గొట్టముల కొసలు శంఖువు ఆకారమున నుండి ఒకదానినొకటి అదుముకొనుటచేతనే కారుడు ఆగును, మరచుట్లచేత గాదు. కావున దారము, టేపు చుట్టుట వ్యర్థము. కొస అరిగినచో గొట్టమునే మార్చవలెను.

మూడవది ఇంజెక్టర్లయందు మిగిలిన డీజిలు తిరిగి ట్యాంకునకు పోవు దారి. ఇచ్చటి సన్నని గొట్టములు ఎండకు, వేడికి పెళుసెక్కి పగులును. వీని వెల స్వల్పము. పగిలిన దానిని మార్చుటే మేలు. కీళ్లవద్ద నుండు రాగి వాషర్లను విప్పినప్పుడెల్ల క్రొత్తవి వేయవలెను.

కారుడు కనుగొనుటకు మన ఊరి బొగ్గు ధూళియే సాయము చేయును. పొడి ధూళి నడుమ నల్లని ముద్ద కట్టిన చోటే తడి యున్నది. ఇంజనును శుభ్రముగా తుడిచి, సుద్దపొడి చల్లి, కొంతసేపు నడిపినచో ఆ చోటు స్పష్టముగా తెలియును. ఇంజనాయిలు మట్టము పెరిగి డీజిలు వాసన కొట్టినచో, ఫీడు పంపులోని పొర చినిగి డీజిలు లోనికి దిగుచున్నదని అనుమానింపవలెను. ఆ బండిని నడుపరాదు.

2020 ఏప్రిలు 1 నుండి మన దేశమున అమ్ము బీ.ఎస్. 6 డీజిలులో గంధకము పదిలక్షల పాళ్లలో 10 పాళ్లకు మించరాదు. గాలికిది మేలే. అయితే ఆ శుద్ధియందు పాత రబ్బరును ఉబ్బించి యుంచెడి కొన్ని ద్రవ్యములును తగ్గుట కలదు. అందుచేత పాత పంపుల సీళ్లు కుంచించుకొని కారవచ్చును. వైటన్ రబ్బరు సీళ్లు దీనికి తగినవి.

సెకనుకొక చుక్క చొప్పున దినమునకు రెండు గంటలు కారినచో, 20 చుక్కలు ఒక మిల్లీలీటరుగా లెక్కించి చూడగా, నెలకు పదిలీటర్లకు మించి నేలపాలగును. ఆ నూనెపై ద్విచక్రవాహనము జాఱును. వేడి గొట్టముపై పడినచో నిప్పంటుకొనును. ట్యాంకు కారినచో బట్టల సబ్బు రుద్దుట ఊరు చేరువఱకే పనికివచ్చును. ట్యాంకును కడిగించక వెల్డింగు చేయనీయకుడు; లోపలి ఆవిరి ప్రేలును.

తమ ట్రాక్టర్లకును ఈ సూత్రములే వర్తించును. వారమున కొక్క ఉదయము, ఇంజను చల్లగా నున్నపుడు, దీపము పట్టుకొని ట్యాంకు మొదలు ఇంజను వఱకు ఆ గొట్టముల దారినంతయు ఒకసారి చూడుడు. చుక్క లేనంతమాత్రమున చిల్లు లేదని నమ్మకుడు.