మా అమ్మాయీ, పాత పికప్ బండీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా నుంచి వచ్చాడు కాబట్టి అక్కడి ఉద్యోగాల గురించి చెబుతాడని కమిటీవారు అనుకుని ఉంటారు. నేను మాత్రం ఒక పాత బండి గురించి చెబుతాను. ఎదిగే పిల్లలతో ఎలా మెలగాలో నాకు తెలిసిన కొద్దిపాటి విషయం ఆ బండి కిందే తెలిసింది.

మేముండేది టెక్సాస్‌లో. అక్కడ రైతులూ, తాపీమేస్త్రీలూ వాడుకునే బండి పికప్. ముందు క్యాబిన్‌లో ఒకే బెంచీ సీటు, వెనుక సామాన్ల తొట్టి. మన టాటా ఏస్‌కు పెద్దన్న అనుకోండి. మేము కొన్నది 1972 నాటి ఫోర్డ్ ఎఫ్-100. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉంటుంది. పాత అంబాసిడర్ నడిపినవారికి ఆ సంగతి వివరించక్కర్లేదు. ఒక రైతు కొట్టంలో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంది.

అప్పుడు మా అమ్మాయికి పదిహేనేళ్లు. అక్కడ పదిహేనేళ్లకు డ్రైవింగ్ నేర్చుకునే లైసెన్సు, పదహారేళ్లకు తాత్కాలిక లైసెన్సు ఇస్తారు. నేర్చుకుంటే ఈ బండి మీదే నేర్చుకుంటానని పంతం పట్టింది. అప్పటికి మా ఇద్దరి మధ్య మూడు మాటలే మిగిలి ఉన్నాయి: తిన్నావా, చదివావా, పడుకో. బండి కొనడానికి నాకు అసలు కారణం అదే.

మా ఆవిడకు ఇష్టం లేదు. "ఎయిర్ బ్యాగులు లేని బండిలో పిల్లను పంపుతారా?" అంది. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకని ముగ్గురం ఒక ఒప్పందానికి వచ్చాం. పెద్ద రహదారుల మీదికి వెళ్లకూడదు. పక్కన మాలో ఒకరు ఉండాలి. నడుముతో పాటు భుజానికీ పట్టే కొత్త సీటు బెల్టులు వేయించాలి. బ్రేకుల మీద అనుమానం ఉన్నంతకాలం బండి గుమ్మం దాటకూడదు.

అమ్మాయి మొదటి రోజే రంగుల పట్టిక పట్టుకొచ్చింది. బండి మొదట ఆగాలి, తరువాత నడవాలి, ఆ పైన మెరవాలి అన్నాను. మూతి ముడుచుకుంది గానీ వింది. ఏడాదిన్నర పాటు శనివారాలన్నీ ఆ వరుసలోనే గడిచాయి.

పాత బండి దగ్గర జాగ్రత్తలు చాలా ఉన్నాయి. పాత బ్రేకు లైనింగుల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. గాలి కొట్టి ఊదకూడదు, తడిపి తుడవాలి. ఈ బండికి పెట్రోలు ట్యాంకు క్యాబిన్‌లోనే, సీటు వెనుక ఉంటుంది. తుప్పు తినేసిన ఫ్లోరుకు కొత్త రేకు అతికించాలంటే ముందు ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి. ఆ వెల్డింగ్ పని తెలిసినవారికే అప్పగించాం. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది కాబట్టి పాత రబ్బరు గొట్టాలు తట్టుకోవు, అన్నీ మార్చాం. ఇవన్నీ అమ్మాయే చదివి, ఒక నోటుపుస్తకంలో రాసి, చేసినదానికి ఎదురుగా టిక్కు పెట్టేది.

ఆ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. కొత్త షూలు వేశాక, ఇంటి ముందు ఖాళీ జాగాలో నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ నడిపి చూస్తే, నడిపేకొద్దీ పెడల్ కిందికి దిగుతోంది. మళ్లీ విప్పాం. డ్రమ్ము లోపల, రెండు షూల మధ్య పళ్లచక్రం ఉన్న చిన్న మర ఒకటుంటుంది. షూలు అరిగేకొద్దీ అది తిరిగి వాటిని డ్రమ్ముకు దగ్గర చేస్తుంది. ఎడమ చక్రానిదీ కుడి చక్రానిదీ చూడడానికి ఒకేలా ఉంటాయి. మర చుట్టు మాత్రం వేరు. అమ్మాయి వాటిని తుడిచి, లైటు దగ్గర పెట్టి చూసి, "నాన్నా, కుడివైపు దాని మీద ఎల్ అని ఉంది" అంది. మాకంటే ముందు ఎవరో తారుమారు చేసి బిగించారు. దగ్గర చేయాల్సిన మర షూలను దూరం చేస్తోంది. పిల్ల కంటపడకపోతే ఆ బండి ఏదో ఒక రోడ్డు చివర ఆగకుండా పోయేది. ఆ రాత్రి ఆ మాట వాళ్లమ్మకు తనే చెప్పింది. వాళ్లమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాతి శనివారం నుంచి షెడ్డులోకి టీ రావడం మొదలైంది.

ఆ తరువాత బ్రేకు గొట్టాల్లో గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు క్యాబిన్‌లో పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గర చిన్న స్క్రూ వదులు చేస్తే నూనెతో పాటు గాలి బుడగలు బయటికి వస్తాయి. స్క్రూ బిగించేదాకా కాలు తీయకూడదు. తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. బండి కింద పడుకున్నది అమ్మాయి, పెడల్ మీద నేను. "తొక్కు నాన్నా! పట్టు! వదులు!" అని కింద నుంచి ఆర్డర్లు. ఇంట్లో ఇంగ్లీషు తప్ప పలకని పిల్ల ఆ మూడు మాటలూ తెలుగులోనే అరిచేది. పానా, నట్టు, బిగించు, లప్పం, తుప్పు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. ఇక్కడున్న తాతయ్యకు వీడియోలో బండి చూపిస్తే, ఆయన రంగు సంగతి అడగలేదు. "బ్రేకులు పడుతున్నాయా?" అన్నారు. "పడుతున్నాయి తాతయ్యా, నేనే వేశాను" అంది.

నాకు కష్టమైన పని వేరే ఉంది. తుప్పుపట్టిన నట్టు రాకపోతే పిల్ల చేతిలోంచి పానా లాక్కోవాలని చేయి పీకుతుంది. నూనె వేసి, రాత్రంతా నాననిచ్చి, మర్నాడు తన చేతే విప్పించడానికి రెట్టింపు సమయం పడుతుంది. అయినా ఆ సమయం ఇవ్వాలి. అలాగని బాధ్యత పిల్లల మీదికి తోసేసి తప్పుకోకూడదు. తను బిగించిన ప్రతి నట్టూ నేను మళ్లీ చూసేవాడిని, నేను బిగించింది తను చూసేది. ఎవరూ నొచ్చుకునేవాళ్లం కాదు. అందులో నమ్మకం లేకపోవడం ఏమీ లేదు. ఆ బండిలో కూర్చోబోయేది మేమే.

ఇప్పుడు మన బడి సంగతి. మన రోజుల్లో చేతిపని పీరియడు జరిగిన గది ఇవాళ విరిగిన బెంచీలకు గోదాముగా మారింది. దాన్ని ఖాళీ చేయిద్దాం. ఒక పాత ఆయిల్ ఇంజను, ఒక పాత స్కూటరు, రెండు సెట్ల పానాలు చాలు. ఆ ఖర్చు నేను భరిస్తాను. డబ్బుకంటే ముఖ్యం, శనివారం మధ్యాహ్నం రెండు గంటలు వచ్చి పిల్లల పక్కన కూర్చునే మనిషి. మన బ్యాచీల్లో మెకానిక్కులున్నారు, ఎలక్ట్రీషియన్లున్నారు, ఆర్టీసీలో పనిచేసి రిటైరైనవారున్నారు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలను కూడా మగపిల్లలతో సమానంగా పిలవాలని నా మనవి.

వస్తామనేవారు భోజనాల దగ్గర నాకు పేరు ఇవ్వండి. నోటుపుస్తకం తెచ్చాను. సెలవు.