పెట్టె అడుగున ఉన్న పేటియా

(కొంగరకలాన్‌లో మన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మాకు ఇచ్చిన అంశం 'తక్కువ ఖర్చుతో ఇంటిని అందంగా పెట్టుకోవడం'. ఫోన్ చేసి ఈ మాట చెప్పినప్పుడు మాలో కొందరికి నవ్వొచ్చింది. భాష గురించి, తీజ్ గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడే సంఘంలో కర్టెన్ల గురించి ఏం మాట్లాడతాం అనుకున్నాం. తర్వాత ఒక ఆదివారం మా కుట్టు బృందంలోని ఇళ్లన్నీ తిరిగి చూసుకున్నాం. గోడల మీద ఏమున్నాయి? బట్టల దుకాణం వాళ్లిచ్చిన క్యాలెండరు, ప్లాస్టిక్ పూలదండ, ఆన్‌లైన్‌లో తెప్పించిన చెట్టు స్టిక్కరు. మరి మా దాదీలు కుట్టిన పేటియాలు, కాంచళులు, టుక్రీలు ఎక్కడున్నాయి? కొన్ని పెట్టె అడుగున ఉన్నాయి. చాలావరకు అసలు లేనే లేవు. పాత బట్టలు కొనేవాళ్లు తండాకు వచ్చినప్పుడు స్టీలు బిందెకో, రెండు బోళ్లకో పోయాయి. అందుకే ఈ అంశం చిన్నదేమీ కాదని ఒప్పుకుని వచ్చాం.

మనం కూర్చున్న ఈ ఊరినే చూడండి. 2018 సెప్టెంబరు 2న ఇక్కడ జరిగిన పెద్ద బహిరంగ సభతో కొంగరకలాన్ పేరు రాష్ట్రమంతా వినిపించింది. 2022 ఆగస్టు 25న జిల్లా కలెక్టరేట్ ఇక్కడే మొదలైంది. 2023 మే నెలలో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన అయింది. వీటి వెనకే కిరాయి గదులు వచ్చాయి. మంచాల, యాచారం వైపు తండాల నుంచి, దేవరకొండ నుంచి కూడా మన ఆడపిల్లలు ఇటువైపు పనులకు వస్తున్నారు. ఒక గదిలో ముగ్గురు, నలుగురు ఉంటారు. ఒక కిటికీ, ఒక ట్యూబులైటు, గోడలకు క్రీము రంగు. మేకు కొడితే అడ్వాన్సులో కోత పడుతుంది.

అలాంటి గదిలో ఉంటున్న ఒక చెల్లెను అడిగాం, ఇంటి నుంచి ఏం తెచ్చుకున్నావని. పచ్చడి సీసా, దుప్పటి, చార్జరు అంది. యాడి కుట్టిన సంచి ఉంది కానీ బయటపెట్టలేదట. పక్క గది వాళ్లు చూస్తే ఏమనుకుంటారోనని. ఆ మాట దగ్గర మేము కాసేపు ఏమీ అనలేకపోయాం. ఎందుకంటే మాలో సగం మంది అదే వయసులో అదే పని చేశాం.

ఇప్పుడు మా తప్పు కూడా చెప్పుకోవాలి. మొదట్లో మాకు ఉత్సాహం ఎక్కువ, తెలివి తక్కువ. ఒక పాత పేటియాను కత్తిరించి నాలుగు దిండు కవర్లు కుట్టాం. ఫోటోలకు ఎంతో బాగున్నాయి. రెండు నెలల్లో అద్దాలు ఊడిపోయాయి. ఒక అద్దం పగిలి పిల్లవాడి మోచేతికి గీసుకుంది. ఎందుకలా అయిందో అప్పుడు కూర్చుని విప్పి చూశాం. మన అద్దాల పనిలో జిగురు ఉండదు. అద్దం మీద ముందు అడ్డంగా, నిలువుగా దారాలు వేసి, ఆ దారాలను పట్టుకుని చుట్టూ వలయంలా కుట్టు కడతారు. ఆ వలయమే అద్దాన్ని పట్టి ఉంచుతుంది. బట్టను కత్తిరించినప్పుడు కొన్ని చోట్ల ఆ దారాలే తెగాయి. తెగనివాటి మీద మనుషుల వీపు బరువు, రాపిడి పడ్డాయి. నడుం చుట్టూ కట్టుకుని నడవడానికి కుట్టిన పని అది, ఆనుకుని కూర్చోవడానికి కాదు. ఆ నాలుగు కవర్లను విప్పి మళ్లీ పేటియాగా కలపాలని చూశాం. కుదరలేదు. ముక్కలు ఇప్పటికీ మా దగ్గరే ఉన్నాయి, కొత్తవాళ్లకు చూపించడానికి దాచాం.

అప్పటినుంచి మా బృందంలో ఒక కట్టుబాటు. ఒంటి మీద వేసుకున్నదానికి కత్తెర పెట్టం. ఇంటి కోసం కుట్టినవి, అంటే వాకిలి తోరణం, బిందె మీది ఫూల్యా, తలమీద చుట్టకుదురుతో పాటు వీపు మీదికి వేలాడే గణో, సంచులు, ఇవి గోడ మీదికి రావచ్చు. అవి అందరికీ కనిపించడానికే పుట్టాయి. దిండ్లకు, కర్టెన్లకు కావాలంటే కొత్త బట్ట మీద కొత్తగా కుట్టుకోవాలి. ఇది పెద్దలు పెట్టిన ఆచారం ఏమీ కాదు, దెబ్బ తిన్నాక మేము పెట్టుకున్నది. ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. పెట్టెలో చిమటలు తినేకన్నా కత్తిరించి వాడితే ఏమైందని అడుగుతారు. అదీ ఆలోచించాల్సిన మాటే. పూర్తిగా చివికిపోయి, చేతితో ముట్టుకుంటే చిరిగేదైతే, బాగున్న అంచు ముక్కను మాత్రం విప్పి దాచమంటాం. ఎక్కడి నుంచి తీశారో, ఎవరిదో ఒక చీటీ మీద రాసి వెనక కుట్టమంటాం.

ఇక తగిలించడం. ఇక్కడే ఎక్కువ మంది చెడగొడుతున్నారు. ఫెవికాల్ పూసి ప్లైవుడ్ మీద అంటించడం, మూలలకు మేకులు కొట్టడం, స్టేప్లర్ పిన్నులు వేయడం, ఇవి మూడూ వద్దు. జిగురు బట్టను గట్టిపరిచి పసుపురంగు తెస్తుంది, మళ్లీ తీయలేం. పిన్నుకు తుప్పు పడితే ఆ మరక పోదు. మూలల మీద వేలాడదీస్తే గవ్వలు, బిళ్లల బరువంతా ఆ రెండు చోట్లే పడి చిరుగుతుంది.

మేము చేసేది ఇది. ఒక మీటరు కోరా బట్ట తెచ్చి, గంజి పోయేదాకా రెండుసార్లు ఉతికి ఆరేస్తాం. ఫూల్యా కన్నా నాలుగు వేళ్లు పెద్దగా కత్తిరించి, దాని మీద ఫూల్యాను పరిచి, నూలు దారంతో వదులుగా టాకాలు వేస్తాం. అంచుల చుట్టూ మాత్రమే కాకుండా మధ్యలో కూడా వరసలుగా వేయాలి. అప్పుడు బరువంతా కోరా బట్ట మోస్తుంది. టాకాలు పాత కుట్టులో గుచ్చుకోకుండా రెండు కుట్ల సందులోంచి పోవాలి. పైన కోరా బట్టను మడిచి గొట్టంలా కుట్టి, అందులోంచి వెదురు కర్ర దూర్చి, ఆ కర్రను తాడుతో తగిలిస్తాం. కర్ర రెండు చివర్ల వెనక చిన్న చెక్కముక్కలు కడితే గోడకూ బట్టకూ మధ్య వేలెడు జాగా ఉంటుంది. వానాకాలం గోడ చెమ్మ బట్టకు తగలదు.

కిరాయి గదిలో మేకు కొట్టనివ్వరు కదా అంటారు. కిటికీకి కర్టెను రాడ్డు ఎలాగూ ఉంటుంది, లేకపోతే సెల్ఫు ఉంటుంది. పుస్తకమంత ప్లైవుడ్ ముక్కకు ఉతికిన కోరా చుట్టి, దాని మీద చిన్న పనిని టాకాలతో కుట్టి సెల్ఫులో నిలబెట్టండి. గది ఖాళీ చేసే రోజు చంకలో పెట్టుకుని పోవచ్చు.

వెలుతురు సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. ట్యూబులైటు కింద అద్దాల పని చచ్చిపోయినట్టు ఉంటుంది, అంతా ఒకే తెల్లదనం. ఒకరోజు కరెంటు పోయి దీపం పెట్టినప్పుడు గోడ మీది ఫూల్యా ఒక్కసారిగా మెరిసింది. మనం కదిలితే అదీ కదిలింది. గుడిసెలో ఒక పక్క దీపం పెట్టి బతికిన రోజుల్లో కుట్టినవి ఇవి. పక్క నుంచి పడే వెలుతురే వీటికి వెలుతురు. కాబట్టి పక్కనో, కిందనో ఒక చిన్న పసుపు బల్బు పెట్టండి. బట్టకు దూరంగా, వేడి తగలకుండా. ఎండ మాత్రం నేరుగా పడకూడదు. కిటికీకి ఎదురు గోడ మీద ఏడాది ఉంచిన ఒక ఎర్ర తోరణాన్ని మేము చూశాం, వెనక తిప్పితే ఎరుపు, ముందు ఇటుకపొడి రంగు. అందుకే కొన్ని నెలలు ఉంచి, దించి, వేరేది పెడతాం. దించినదాన్ని మడవకుండా గొట్టానికి చుట్టి, ఎండిన వేపాకు మూటతో పెట్టెలో పెడతాం. వాషింగ్ మెషీన్ మాట ఎత్తకండి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు. తడపక తప్పకపోతే ముందు ఒక మూలన తడి తెల్లగుడ్డ అద్ది చూడండి, రంగు దిగితే ఆపేయండి.

తండాలో సొంత ఇల్లు ఉన్నవాళ్లకు ఒక్క మాట. పాత మట్టిగోడకు ఆయిలు పెయింటు వేయకండి. లోపలి చెమ్మ బయటకు రాలేక పొక్కులు పొక్కులుగా లేస్తుంది. అలాంటి గోడకు సున్నమే మేలు. బాగా నానిన సున్నాన్ని వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి, పలచగా రెండు చేతులు వేయండి, మొదటిది ఆరాకే రెండోది. సున్నం కళ్లలో పడకుండా జాగ్రత్త, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఆ తెలుపు మీద మన ఎరుపు, నీలం, పసుపు ఎలా ఉంటాయో వేసినవాళ్లను అడగండి. కిందంతా జాజు పట్టీ ఒకటి గీస్తే గదికి వేరే అలంకారం అక్కరలేదు.

కుట్టు గురించి చెప్పకుండా ఆపలేం. కర్ణాటకలోని సండూరులో మన అక్కలు సండూర్ కుశల కళా కేంద్రంలో కలిసి పనిచేస్తున్నారు. అక్కడి లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కిలన్, వేలే, మాకి, రేలో అంటూ 14 రకాల కుట్లు పేర్లతో సహా చెబుతారు. 2023 జులైలో హంపిలో జీ-20 సమావేశం సందర్భంగా 450 మందికి పైగా లంబాణీ మహిళలు చేసిన 1755 వస్తువులను ఒకచోట పెడితే అది గిన్నిస్ రికార్డు అయింది. మన దగ్గర చూస్తే ఆదిలాబాద్ డోక్రాకు 2018లో గుర్తింపు వచ్చింది, ఓజా అన్నదమ్ముల పని అది. వాళ్ల ఇత్తడి దీపం పక్కన మన ఫూల్యా ఎంత బాగుంటుందో మా ఒక ఇంట్లో చూశాం. మరి తెలంగాణ తండాల్లో మన కుట్ల పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి? మా బృందంలో ఎవరం నాలుగు మించి చెప్పలేకపోయాం. పేర్లు చెప్పింది మాలో ఒకరి నానీ. ఆమె కళ్లు సరిగా కనిపించవు, చేతివేళ్లతో తడిమి ఇది ఫలానా, ఇది ఫలానా అని చెప్పింది. మేము ఫోనులో రికార్డు చేసుకున్నాం. ఆ ఆదివారం దిండ్ల సంగతే మర్చిపోయాం.

ఆ తర్వాతే కొత్త బట్ట మీద కుట్టడం మొదలుపెట్టాం. దిండు కవరుకు మధ్యలో అద్దాలు వద్దు, అంచుకు మాత్రం దారం కుట్టు. కర్టెనుకు కింది పట్టీలో గవ్వలు, బరువుకు బట్ట నిటారుగా నిలుస్తుంది. మొదటి కవరుకు నాకు తెలిసినంతలో మాలో ఎవరికీ నెల కన్నా తక్కువ పట్టలేదు. ఆ నెల రోజుల్లో తెలిసింది, బిందెకు ఇచ్చేసిన పేటియా వెనక ఎన్ని రాత్రులు ఉన్నాయో.

పాత బట్టలు కొనేవాళ్లు మళ్లీ వస్తారు. వాళ్లతో గొడవ పెట్టుకోమని మేము చెప్పం, ఇంట్లో డబ్బు అవసరాలు ఎవరివి వాళ్లకే తెలుసు. అమ్మేముందు ఒక్కరోజు ఆగి, ఇంట్లో పెద్దామెను పక్కన కూర్చోబెట్టుకుని, అది ఎవరు కుట్టారో, ఏ పెళ్లికి కట్టారో అడిగి రాసుకోండి. నాలుగు వైపులా ఫోటోలు తీయండి. అలా అడిగిన మూడు ఇళ్లలో బేరం ఆగిపోయింది. నాలుగో ఇంట్లో అమ్మేశారు, ఫోటోలు మిగిలాయి.

భోజనాల తర్వాత పక్క గదిలో చాపలు వేసి ఉంటాయి. కోరా బట్ట, సూదులు, నూలు దారం, వెదురు కర్రలు మేము తెచ్చాం. మీ సంచుల్లో ఫూల్యాలు, తోరణాలు ఉంటే తీసుకురండి, ఈ సాయంత్రంలోపు తగిలించేలా చేసి ఇస్తాం. కుట్ల పేర్లు తెలిసిన యాడీలు ముందు వరసలో కూర్చోవాలి.