సరుకు గాల్లోనా, నీళ్ల మీదా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాలకు సరుకు పంపే పనిలో ఉన్నవాణ్ని కాబట్టి దాని గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. గాండ్లపెంటకు సముద్రమూ లేదు, విమానాశ్రయమూ లేదు, ఇక్కడ ఈ సంగతులెందుకని మీరు అనుకోవచ్చు. కానీ చుట్టూ చూడండి. ధర్మవరం పట్టుచీర అమెరికాలో పెళ్లిళ్లకు పోతోంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి తయారవుతున్న కియా కార్లు ఓడలెక్కుతున్నాయి. 2020 జనవరి 30న తాడిపత్రి నుంచి 43 శీతల కంటైనర్లలో 980 టన్నుల అరటికాయలతో ఒక రైలు ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు పోయింది. మన పిల్లలు కొందరు చెనక్కాయలో, చింతపండో, చీరలో పంపాలని నాకు ఫోన్లు చేస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, విమానమా, ఓడా? ఏది చవక?"

లెక్క వేసి చూద్దాం. రేట్లు ఎప్పటికప్పుడు మారిపోతాయి, కాబట్టి నేను చెప్పే రూపాయలు లెక్క అర్థం కావడానికే.

60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు ఉన్న అట్టపెట్టె తీసుకోండి. మూడింటినీ గుణించి 6,000తో భాగిస్తే 16 వస్తుంది. విమానంలో ఆ పెట్టె ఎంత తేలికగా ఉన్నా కనీసం 16 కిలోల కిందే లెక్క. కొరియర్ వాళ్లయితే 5,000తోనే భాగిస్తారు, అంటే 19 కిలోలు దాటుతుంది. ఆ పెట్టె నిండా బొరుగులు పోస్తే ఆరు కిలోలు తూగుతాయేమో, డబ్బు మాత్రం పదహారుకు కట్టాలి. అదే పెట్టెలో 800 గ్రాముల పట్టుచీరలు ఇరవై సర్దితే సరిగ్గా 16 కిలోలు. కిలోకు 300 రూపాయలనుకుంటే కిరాయి 4,800, చీరకు 240. పదిహేను వేల చీర మీద 240 ఒక లెక్కా?

చెనక్కాయ గింజల మీద అదే 300 వేయండి. కిరాయే సరుకు ధరను మింగేస్తుంది. ఓడలో ఇరవై అడుగుల కంటైనర్లో 19 టన్నుల గింజలు పట్టాయనుకుందాం. రెండు లక్షల కిరాయి అయినా కిలోకు పది, పదకొండు రూపాయలు. ఇక్కడ రెండో ఆలోచనే లేదు.

మరి చీరల పెట్టెను ఓడలో పంపితే ఇంకా మిగులుతుంది కదా అంటారు. మిగలదు. కంటైనరు నిండనివాళ్ల సరుకులన్నీ కలిపి వేసేటప్పుడు ఒక ఘనపు మీటరుకో, ఒక టన్నుకో, ఏది ఎక్కువైతే దానికి కడతాం. సాధారణంగా ఒక ఘనపు మీటరుకు తక్కువ బిల్లు వెయ్యరు. మన పెట్టె అందులో పదో వంతు కూడా లేదు. ఆపైన అవతలి రేవులో దింపుడు, గోదాము, కాగితాల ఖర్చులు. మూడు లక్షల సరుకు నెల ఎక్కువ దారిలో ఉంటే నూటికి పన్నెండు వడ్డీన మూడు వేలు. ఈ వడ్డీని మనవాళ్లు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తీసుకోవాలి.

వడ్డీ కంటే పెద్ద నష్టం అదను తప్పడం. వానకు ముందు విత్తాలని తెలిసిన మనకు దీన్ని వేరే చెప్పాలా! నాకు తెలిసిన ఒక వ్యాపారి దీపావళి కోసమని లండన్ దుకాణానికి చీరలు ఓడలో పంపాడు. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో దాడుల వల్ల చాలా ఓడలు సూయెజ్ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగిపోయాయి, దారి పదీ పద్నాలుగు రోజులు పెరిగింది. ఆయన పాత లెక్కన తేదీ వేసుకున్నాడు. సరుకు చెక్కుచెదరకుండా చేరింది, పండగ అయిపోయాక. దుకాణం వాళ్లు సగం ధర అడిగారు.

విమానం మాత్రం? పది పన్నెండు గంటలే ఎగురుతుంది గానీ తనిఖీలు, కస్టమ్స్, చోటు దొరకడం కలిపితే నాలుగు రోజుల నుంచి వారం చెప్పుకోవడం మంచిది.

అరటికాయ సంగతి వేరే. అది బరువు, ధర తక్కువ, పైగా పండిపోయేది. పచ్చికాయను 13, 14 డిగ్రీల చల్లదనంలో నిద్రపుచ్చి ఓడలో పంపి, అక్కడ మాగపెడతారు. ఇంకా చల్లబరిస్తే తొక్క నల్లబడుతుంది. ఆ చల్లదనం కోతరోజు నుంచే మొదలవ్వాలి. చెనక్కాయకు శత్రువు తేమ. రాత్రి చలికి కంటైనరు కప్పు లోపల నీరు పట్టి చుక్కలు రాలతాయి. సరిగా ఎండని గింజకు బూజొస్తే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. నేరుగా తినే గింజల్లో అది కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే యూరప్ లోపలికి రానివ్వదు. కళ్లంలో ఏడెనిమిది శాతం తేమకు ఎండబెట్టడం ఓడ కిరాయి బేరం కంటే ముఖ్యమని నేను రైతులకు చెప్తూనే ఉంటాను.

ఇంకొకటి, డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువగా ఇక్కడే. ఓడకిచ్చే కాగితాన్ని బిల్ ఆఫ్ లేడింగ్ అంటారు. అది పొలం దస్తావేజు లాంటిది. సాధారణంగా దాని అసలు కాపీ చూపిస్తేనే సరుకు ఇస్తారు, కాబట్టి డబ్బు వచ్చేదాకా దాన్ని బ్యాంకు దగ్గర ఉంచవచ్చు. విమానం కాగితం, ఎయిర్‌వే బిల్లు, ఉత్త రసీదే. అందులో ఎవరి పేరుంటే వాళ్లకు సరుకు ఇచ్చేస్తారు. కొత్త కొనుగోలుదారుకు విమానంలో పంపేటట్టయితే డబ్బు ముందే తీసుకోండి, లేదా అవతలి బ్యాంకును అడిగి, ఒప్పుకుంటే దాని పేరు మీద పంపండి. మొహమాటం వద్దు.

ఇక దారి. విమానానికి మనకు దేవనహళ్లి దగ్గర. ఓడకైతే చెన్నై దాకా పోనక్కర్లేదు, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని కంటైనర్ డిపోలోనే కస్టమ్స్ పని ముగించి రైలుకు ఎక్కించవచ్చు.

భోజనాలయ్యాక నేను ఇక్కడే ఉంటాను. నా దగ్గర కొలతటేపు ఉంది. పెట్టెలు, పాత బిల్లులు తెచ్చుకున్నవాళ్లు రండి, కూర్చుని చూద్దాం.