గేటు కాసిన హంపన్న



అమెరికా స్వాతంత్ర్య యుద్ధం 1775లో మొదలైంది. అంతకు అయిదేళ్ల ముందే, 1770లో, బోస్టన్ వీధిలో ఇంగ్లీషు సోల్జర్ల తుపాకులకు అయిదుగురు బలయ్యారు. ఆ నెత్తురు జనం మరచిపోలేదు.

మన అనంతపురం జిల్లాలోనూ అలాంటి కథ ఒకటుందండీ. 1893లో గుంతకల్లు దగ్గర ఇద్దరు ఆడవాళ్లను తెల్లసోల్జర్లు తరుముకొచ్చారు. రైల్వే గేటు కాసే హంపన్న వాళ్లకు ఆశ్రయమిచ్చి, సోల్జర్లకు అడ్డం నిలిచాడు. తుపాకీ గుండుకు ప్రాణమిచ్చాడు.

మద్రాసు హైకోర్టులో ముద్దాయి నిర్దోషిగా బయటపడ్డాడు. గుత్తి వకీలు కేశవపిళ్ళె గారు ఊరుకోలేదు. ‘హిందూ’ పత్రికలో రాసి ఆ అన్యాయాన్ని నలుగురికీ చాటారు.

బోస్టన్ సంగతి పిల్లలకు పాఠంలో వస్తుంది. హంపన్న సంగతి మాత్రం అన్నం కలిపి పెడుతూ మనమే చెప్పాలి. ఏమంటారు?