సురబయలో మన సిపాయిలు

1945 ఆగస్టు 15న జపాన్ చేతులెత్తింది. 17న ఇండోనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. పాత దొర డచ్చివాడు మళ్ళీ వస్తానన్నాడు. జపానోళ్ల తుపాకులు లాక్కుంటామని చెప్పి ఇంగ్లీషువాడు ముందు దిగాడు. దింపింది ఎక్కువగా ఎవర్ని? మన దేశం పల్లెల్లో కూటికోసం పట్టాళంలో చేరిన బిడ్డల్ని! వాడలో ఒకడి చేత ఇంకొకణ్ణి కొట్టించే దొర తెలివి మనకు తెలియంది కాదు గదా.

నవంబరు 10న సురబయ రేవు పట్నం మీద ఓడల నుంచి గుండ్లు, పైనుంచి బాంబులు. వేలమంది పోయారు. మన సిపాయిలూ చచ్చారు, ఎవరి కోసం? అయితే వందలమంది సిపాయిలు ఆ జనం పక్షానికి నడిచిపోయారు. దాన్ని ఇంగ్లీషువాడు పారిపోవడం అన్నాడు. మనం ఆ మాట అనం. నాలుగేళ్లు కొట్లాడి, 1949 డిసెంబరులో ఆ జనం డచ్చివాడి చేత అధికారం వదిలించారు.